పిల్లికి బిచ్చం పెట్టండి, గిన్నె మాత్రం ఎత్తేయండి



పోయిన సమావేశంలో "కాలనీలో పిల్లులకు ఎవరూ తిండి పెట్టకూడదు" అని తీర్మానం చేద్దామన్న మాట వచ్చింది. మాటా మాటా పెరిగి వాయిదా పడింది. వచ్చే ఆదివారం మళ్ళీ అదే వస్తుంది. అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడతారు గనక మేము చెప్పదలచుకున్నది ఇక్కడే రాస్తున్నాం. మేము అంటే మేమూ, మా ఇంటావిడా. ఓపిక లేనివాళ్ళు సాయంత్రం వాకింగులో అడగండి, నోటితో చెబుతాం.

మేమిద్దరం అరక్కోణం రైల్వే కుటుంబాల పిల్లలం, తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. 1871లో మద్రాసు రైల్వే ఆ వైపు నుంచి వచ్చి బొంబాయి లైనును కలుసుకున్నది ఈ రాయచూరులోనే. మేమూ అదే దారిలో వచ్చి ఇక్కడే ఆగిపోయాం. తెలుగు అక్షరాలు గుంతకల్లు వైపు స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నవే గానీ, ఇంట్లో మాట తెలుగే. పిసినారిని మన పెద్దవాళ్ళు "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అనేవారు. ఆ మాట కాలనీ మొత్తానికి తీర్మానంగా రాసి సంతకాలు పెట్టడం మాకు ఇష్టం లేదు.

అయితే ఆపమంటున్నవాళ్ళ బాధ అబద్ధం కాదు. మూడో లైనులో కోతులు వంటింటి కిటికీ దాకా వస్తున్నాయి. పార్కు వెనక గోడ కింద పందికొక్కులు తవ్విన బొక్కలు ఎన్నో చూశాం. వానాకాలంలో రెండిళ్ళ దగ్గర పాము కనిపించింది. ఇదంతా పిల్లుల పద్దులో రాసేశారు. గుమాస్తా పని చేసినవాళ్ళం కదా, ఒకరి ఖర్చు ఇంకొకరి ఖాతాలో పడితే మాకు ఊరికే ఉండబుద్ధి కాదు.

గోడ మీద పెట్టిన ఒక్క గిన్నె దగ్గర పగలూ రాత్రీ ఏం జరుగుతుందో చూడండి. పొద్దున తొమ్మిదింటికి ఒక అక్క పెరుగన్నం పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోతుంది. ఆ వేళకు పిల్లి ఏ కారు కిందో పడుకుని ఉంటుంది. ముందు కాకులు వస్తాయి. వాటి అరుపు విని గుట్ట మీది కోతులు దిగుతాయి. కోతి సగం తిని సగం పారబోస్తుంది, గిన్నె కింద పడేస్తుంది. కింద పడిందాని కోసం కుక్క. మధ్యాహ్నం ముంగిస వచ్చి వాసన చూసిపోతుంది. గుడ్డో చేపో ఉంటే ఆగుతుంది. సాయంత్రం పిల్లి వచ్చి ఎండిన మెతుకులు నాకి వెళుతుంది. చీకటి పడ్డాక పందికొక్కులు బయల్దేరుతాయి. పందికొక్కుల వాసన పట్టుకుని పాము వస్తుంది. పాముకు మన పెరుగన్నంతో పనేం ఉంది? దానికి కావలసింది ఎలుక జాతి. ఆ ఎలుక జాతిని మనం అన్నం పెట్టి పిలుస్తున్నాం. ఇంతా చేసి ఆ గిన్నెలో పిల్లికి దక్కింది రెండు మెతుకులు.

కాబట్టి గొడవంతా ఎవరూ కాపలా లేకుండా వదిలేసిన గిన్నెతో. అరక్కోణంలో మా ఇళ్ళలో వంట కాగానే కాకికి ఒక ముద్ద పెట్టేవాళ్ళు, తమిళ ఇళ్ళలో ఇప్పటికీ పెడతారు. పిలుస్తారు, కాకి వస్తుంది, తింటుంది, అక్కడితో సరి. ఒక్క ముద్దే గనక ఏమీ మిగిలేది కాదు. అన్నం గిన్నె ఎవరూ మేడ మీద వదిలి రాలేదు.

కోతుల మీద మాకు కోపం లేదు. కిష్కింధ అని మనం దండం పెట్టుకునే ఆనెగొంది, కొప్పళ విడిపోకముందు మన రాయచూరు జిల్లాలోనిదే. గుట్టలు వాళ్ళవి, చింతచెట్లు వాళ్ళవి. కానీ కోతికి ఒక్కసారి ఇంటి తిండి అలవాటైతే అది చెట్టు వైపు చూడదు, మన చేతిలో సంచీ వైపు చూస్తుంది. ఇవ్వకపోతే పళ్ళు చూపిస్తుంది. కరిస్తే సూదులకు తిరగాల్సింది మనం, పట్టి ఎక్కడో తెలియని చోట వదిలేస్తే చావాల్సింది అది. మంగళవారం, శనివారం అరటిపళ్ళు తెచ్చే భక్తులు కూడా ఈ మాట కాస్త ఆలోచించాలి. (ఇది రాయవద్దని మా ఇంటావిడ అంది. రాశాం.)

మరి పిల్లికి ఎప్పుడు పెట్టాలి? సింగిల్ లైను మీద క్రాసింగు చేసినట్టే. కోతి, కాకి, ముంగిస పగటి బండ్లు. పొద్దు గూకితే కోతులు గుట్టకో పెద్ద చెట్టుకో చేరిపోతాయి, కాకులు గూటికి పోతాయి. పందికొక్కు రాత్రి బండి, చీకటి బాగా ముదిరితే గానీ ధైర్యంగా బయటికి రాదు. ఈ రెంటికీ నడుమ, పొద్దు గూకిన పది పదిహేను నిమిషాల తర్వాత, లైను ఖాళీగా ఉంటుంది. పిల్లి సరిగ్గా ఆ వేళకే లేచి ఒళ్ళు విరుచుకుంటుంది. సంజె వేళ, తెల్లవారుజాము దాని వేట వేళలు. గడియారం టైము పెట్టుకోకండి. మనకు డిసెంబరులో ఆరు లోపే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఏడు దగ్గర పడుతుంది. పొద్దును బట్టి పెట్టండి. ఇరవై నిమిషాలు అక్కడే నిలబడండి, తర్వాత తిన్నా తినకపోయినా గిన్నె ఎత్తేయండి, కింద పడ్డది ఊడ్చేయండి.

"మేమక్కడ ఉంటే పిల్లి రాదండీ, పిరికిది" అని ఇద్దరు ముగ్గురు అన్నారు. మొదట రాదు. పది అడుగుల దూరంలో కూర్చుని వేరే వైపు చూస్తూ ఉండండి. ఒకే చోట, ఒకే వేళకు, ఒకే గిన్నె చప్పుడుతో పెడితే కొద్ది రోజుల్లో మనకంటే ముందే వచ్చి కూర్చుంటుంది. ఈ రెండేళ్ళలో ఆలస్యంగా వచ్చింది మేమే గానీ అవి కాదు. ఆ వేళకు డ్యూటీలో ఉండేవాళ్ళు చార్జి మాలాంటి రిటైరైనవాళ్ళకు అప్పగించండి.

కొందరు మూత డబ్బాలు, పైపు ముక్కలు, ఇనుప జాలీలు చెబుతున్నారు. కోతి చేతికి ఇవేవీ ఆగవు. రెండడుగుల నున్నటి సిమెంటు దిమ్మ ఉంటే పనికొస్తుంది. పిల్లి ఎగిరి ఎక్కుతుంది, పందికొక్కు అంత సులువుగా ఎక్కలేదు. చీమలకు వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి నడుమ గిన్నె పెడితే చాలు. సామాను ఇంతకు మించి అక్కర్లేదు. కావలసింది మనిషి.

ఎంత పెట్టాలన్నది కూడా లెక్కే. మూడు నాలుగు కిలోల పిల్లికి కొన్న పొడి మేతయితే రోజంతటికీ 50, 60 గ్రాములు సరిపోతుంది. వచ్చే పిల్లులెన్నో లెక్కపెట్టి అంతే పెట్టండి. పాలన్నం, పెరుగన్నం మన తృప్తికి. పిల్లి మాంసం తినే జంతువు, అన్నంతో దాని ఒంటికి కావలసింది అందదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు కూడా, విరేచనాలు అవుతాయి. ఉడికించిన గుడ్డు, ఉప్పు లేని చేప ముక్క, లేదా ఆ పొడి మేత. శాకాహారుల ఇళ్ళవాళ్ళు డబ్బు ఇవ్వండి, పెట్టే పని మేము చూసుకుంటాం. ఎండాకాలం మన రాయచూరు ఎండకు తడి తిండి గంటలో పులుస్తుంది. గిన్నె ఎత్తేయడానికి అదొక్క కారణం చాలు.

నీళ్ళ మాట వేరు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళ తొట్టి పగలంతా ఉంచండి. కాకి తాగినా, ముంగిస తాగినా, కోతి తాగినా తాగనివ్వండి. రోజూ కడిగి మార్చండి, దోమలు చేరకుండా. తిండి మాత్రం పిల్లికే.

చట్టం ఏమంటుందని సెక్రటరీగారు అడిగారు. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్‌లో, కాలనీలో ఉండే జంతువులకు తిండి పెట్టే ఏర్పాటు నివాసుల సంఘమే చూడాలని ఉంది. పిల్లలు ఆడే చోటికి, గేట్లకు, మెట్లకు దూరంగా, అందరూ ఒప్పుకున్న చోట పెట్టాలని కూడా ఉంది. ఆ రూల్స్ ఎక్కువగా కుక్కల గురించే. కానీ అవి చెప్పే జంతువుల్లో నుంచి 1972 వన్యప్రాణి చట్టం కిందికి వచ్చేవాటిని తీసేశారు. అంటే మనం గీయాలనుకుంటున్న గీత చట్టంలో ముందే ఉంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధికుక్కల కేసులో రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదని, దానికంటూ చోట్లు ఏర్పాటు చేయాలని చెప్పింది. బొత్తిగా పెట్టకూడదన్న తీర్మానం దీనికి పొసగదు. ఇష్టమొచ్చిన చోట పెడతామన్నదీ పొసగదు.

పిల్లుల పక్షం మాట్లాడేవాళ్ళకూ ఒక మాట. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. మన వేపచెట్ల కింద ఉడుత తోకలు, పికిలిపిట్ట ఈకలు చూస్తూనే ఉన్నాం. న్యూజిలాండ్ దగ్గర స్టీఫెన్స్ దీవి అని ఒకటుంది. 1890లలో అక్కడ దీపస్తంభం కట్టి మనుషులు చేరారు, వెంట పిల్లులూ చేరాయి. సరిగా ఎగరలేని ఒక చిన్న పిట్ట ఆ దీవిలోనే మిగిలి ఉండేది, కొద్ది ఏళ్ళలో ఒక్కటీ లేకుండా పోయింది. మనది దీవి కాదు, మన పిట్టలు ఎగరగలవు. అయినా సంఖ్య పెరగనిస్తే ఉడుతలకూ పిచ్చుకలకూ చోటుండదు. ఆడపిల్లి ఆరు నెలలకే కడుపుతో ఉండగలదు, రెండు నెలలకు ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు. తిండి పెట్టి ఆపరేషన్ చేయించకపోతే మనం పిల్లుల్ని సాకడం లేదు, పెంచుతున్నాం. వేళకు గిన్నె దగ్గరికి వచ్చే పిల్లిని పట్టడం సులువు. వేళాపాళా లేకుండా తినేదాన్ని ఎవరు పడతారు? ఆపరేషనైన దానికి చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు, మళ్ళీ పట్టకుండా గుర్తు.

సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో ఉన్న మన వాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారేమో. తుంగభద్ర కాలువ వెంట వరి వేసి ధాన్యం నిలవ చేసుకునేవాళ్ళకు పిల్లి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. పందికొక్కు వాళ్ళ గాదెకూ శత్రువే. జపాన్‌లో కిషి అనే చిన్న స్టేషన్‌కు 2007లో తామా అనే పిల్లిని స్టేషన్ మాస్టరుగా వేశారు, టోపీ కూడా పెట్టారు, జీతం కింద మేత ఇచ్చారు. ముప్పై ఏళ్ళు చేసిన మాకు ఆ హోదా రాలేదు!

ఆదివారానికి మేము పెట్టే ప్రతిపాదన ఇది. రెండే చోట్లు: పంపు హౌసు వెనక ఒకటి, ఖాళీ సైటు మూల ఒకటి. చెరొక సిమెంటు దిమ్మ. పొద్దు గూకాక ఒకే పూట. గోడల మీద, మేడల మీద, కార్ల కింద గిన్నెలు కనిపిస్తే ఎవరైనా తీసేయవచ్చు, అది అందరూ ఒప్పుకోవాలి. ఆపరేషన్ ఖర్చుకు ఇంటికింత అని కాకుండా ఇష్టమున్నవాళ్ళ దగ్గరే వసూలు. వారానికి ఏడు డ్యూటీలు. సోమవారం, గురువారం మేము రాసుకున్నాం. మిగతా అయిదు ఖాళీగా ఉన్నాయి. పెట్టిన టైము, ఎత్తిన టైము, వచ్చిన పిల్లులెన్ని, ఈ మూడే రాయాలి. రిజిస్టరు పంపు హౌసు తలుపు లోపలి మేకుకు వేలాడదీస్తాం. పెన్ను ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి, అక్కడ పెట్టింది ఇప్పటికి రెండుసార్లు పోయింది.