గర్భిణీకి ఆయాసం: అన్నిసార్లూ గ్యాసు కాదు

కడుపుతో ఉన్న కోడలు "గుండెల్లో పట్టేసినట్టుంది అత్తయ్యా" అంటే, మన ఇళ్ళలో వెంటనే వచ్చే మాట "గ్యాసేలే అమ్మా" అని. కాసిని వాము నీళ్ళు, లేదంటే ఒక సోడా. చాలాసార్లు ఆ మాట నిజమే. బిడ్డ పెరిగేకొద్దీ ఛాతీలో మంట, కొద్దిపాటి ఆయాసం మామూలే. అయితే ఎప్పుడో ఒకసారి అది గ్యాసు కాదు. అటువంటి ఒక అరుదైన జబ్బును గురించి ఈ నెల మా పాఠక సహోదరీలకు, ముఖ్యంగా అత్తగార్లకు, చెప్పదలిచాము.

హెర్నియా అనగానే గజ్జలో పేగు జారటం, బొడ్డు ఉబ్బటం మనకు గుర్తుకు వస్తాయి. అవి కంటికి కనబడతాయి. మేము చెప్పేది కనబడనిది. ఛాతీకి, పొట్టకు నడుమ గొడుగులాగా ఒక పలుచని కండరం ఉంటుంది. దాన్ని డయాఫ్రం అంటారు. కొందరికి పుట్టుకతోనే అందులో ఒక సందు ఉండిపోతుంది, ఎక్కువగా ఎడమ వైపున, వెనుక భాగాన. 1848లో దీన్ని వివరించిన బొఖ్‌డాలెక్ అనే వైద్యుని పేరుతోనే ఆ హెర్నియాను పిలుస్తారు. మరికొందరికి బండి ప్రమాదంలోనో, చెట్టు మీదనుండి పడినప్పుడో ఆ కండరం చిరుగుతుంది. పైగాయం మానిపోతుంది, లోపలి చిరుగు ఏళ్ళ తరబడి బయటపడదు. గర్భం పెరిగి కడుపులో ఒత్తిడి ఎక్కువైనప్పుడు జీర్ణకోశమో, పేగులో ఆ సందులోనుండి ఛాతీలోకి దూరతాయి. ఊపిరితిత్తి నలుగుతుంది. దూరిన పేగు మెలిపడి రక్తం అందకపోతే గంటల్లోనే పాడవుతుంది. అప్పుడు తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయమే.

వేవిళ్ళు సాధారణంగా నాలుగో నెల దాటాక తగ్గుముఖం పడతాయి. ఆ తరువాత కొత్తగా ఆగని వాంతులు మొదలైనా, పైకడుపులోగాని ఎడమ ఛాతీలోగాని తీవ్రమైన నొప్పి వచ్చినా, భుజంలోకి లాగినా, పడుకుంటే ఊపిరి అందకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేసి, ఆపరేషను సదుపాయమున్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దారిలో ఏమీ తినిపించవద్దు, తాగించవద్దు.

అక్కడ ఛాతీ ఎక్స్‌రే తీయాలంటే చాలామంది వద్దంటారు. బిడ్డకు చేటని భయం. ఒక్క ఛాతీ ఎక్స్‌రే వల్ల గర్భంలోని బిడ్డకు చేరే కిరణాలు అతి స్వల్పం. జబ్బు తెలియకపోవటమే ఎక్కువ చేటు. ఎం.ఆర్‌.ఐ.లో అయితే ఆ కిరణాలే ఉండవు. ఛాతీలోకి వచ్చిన జీర్ణకోశం ఎక్స్‌రేలో ఒక్కోసారి గాలి చేరినట్టు, నీరు పట్టినట్టు కనబడుతుంది. అలా పొరబడి గొట్టం వేస్తే జీర్ణకోశానికే చిల్లు పడే ప్రమాదముంది. అందుకే పాత దెబ్బలను గురించి వైద్యులకు ముందే చెప్పటం ఎంతో అవసరం. పెళ్ళికి ముందు జరిగిన ప్రమాదాన్ని అత్తవారింట దాచిపెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. కనీసం డాక్టరమ్మ దగ్గరైనా దాచకండి.

పేగు మెలిపడిందని అనుమానం కలిగితే ఎన్నో నెల అయినా ఆపరేషను ఆపరు. ముక్కుద్వారా సన్నని గొట్టం వేసి జీర్ణకోశాన్ని ఖాళీ చేసి, జారినవాటిని కిందికి దించి, సందును కుట్టివేస్తారు. బాధ అంతగా లేకుండా ముందే బయటపడితే నాలుగు నుండి ఆరు నెలల మధ్య సరిచేయటం మేలని పలువురు వైద్యుల అభిప్రాయం. నెలలు బాగా ముదిరాక తెలిస్తే, తల్లి నిలకడగా ఉన్నంతవరకు ఆసుపత్రిలోనే కనిపెట్టుకుని ఉంటారు. కాన్పు ముందుగా చేయవలసి వచ్చేటట్టుంటే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేందుకు తల్లికి సూదిమందు ఇస్తారు. నొప్పుల్లో ముక్కటం వల్ల కడుపులో ఒత్తిడి మరీ పెరుగుతుంది గనుక, సందు ఇంకా పూడ్చని తల్లికి తరచుగా సిజేరియనే ఎంచుకుంటారు. సందును అదే పూట కుట్టటమా, తరువాతనా అన్నది ఆమె స్థితిని బట్టి ఉంటుంది.

ఇదివరకే ఈ ఆపరేషను అయిన సహోదరీలు గర్భం నిలిచిన మొదటి నెలల్లోనే పాత కాగితాలు, ఎక్స్‌రేలు వైద్యులకు చూపించాలి. కాన్పు ఊళ్ళో కాకుండా సర్జను, మత్తు డాక్టరు ఇద్దరూ ఉండే చోట జరిగేటట్టు ముందే మాట్లాడి పెట్టుకోవాలి.