కాన్పూరు డాక్టరమ్మ

కెప్టెన్ లక్ష్మి అనగానే మనకు సైనిక దుస్తులు ధరించి నేతాజీ సుభాస్ చంద్రబోసు వెంట నడుస్తున్న యువతి రూపం స్ఫురిస్తుంది. ఆజాద్ హింద్ ఫౌజులో ఆమె ఆ దుస్తులు ధరించినది రెండేళ్ళకన్న తక్కువ కాలమే. కాన్పూరులో రోగుల నాడి పట్టి చూచినది మాత్రం దాదాపు అరవై సంవత్సరాలు. మొదటి కథ పాఠ్యపుస్తకాలకెక్కింది. ఈ నెల ఈ శీర్షికలో రెండవదానిని కొంత విపులంగా చెప్పుకుందాం.

లక్ష్మీ స్వామినాథన్ 1914 అక్టోబరు 24న మద్రాసులో జన్మించారు. తండ్రి హైకోర్టు న్యాయవాది. తల్లి అమ్ము స్వామినాథన్ తరువాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. ప్రఖ్యాత నర్తకి మృణాళిని సారాభాయి ఆమె చెల్లెలు. లక్ష్మి 1938లో మద్రాసు వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, ఆ పిమ్మట స్త్రీల వైద్యంలోను, పురుళ్ళలోను డిప్లొమా పొందారు. కలిగిన ఇంటి బిడ్డ. పుట్టిన ఊళ్ళోనే వృత్తి సాగించుకొని సుఖంగా బ్రతుకవచ్చును. ఆమె 1940లో సింగపూరు వెళ్ళి, పొట్టకూటికై అక్కడికి వలసవచ్చిన భారతీయ కూలీల కోసం వైద్యశాల తెరిచారు.

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమయింది. మరుసటి ఏడు జూలైలో నేతాజీ అక్కడికి వచ్చి, స్త్రీలతో ఒక సేనాదళాన్ని నిర్మించాలని సంకల్పించారు. లక్ష్మి ఇరవై మంది స్త్రీలను సమకూర్చి, బరువైన తుపాకులు పట్టించి, చీరకట్టుతోనే ఆయనకు సైనిక వందనం చేయించారు. ఆ అక్టోబరులో ఝాన్సీరాణి దళం శిక్షణ శిబిరం ప్రారంభమయింది. మలయా రబ్బరు తోటల కూలీ కుటుంబాల పడుచులు ఎందరో దానిలో చేరారు. ఆ తోటలలో పనిచేసేవారిలో తమిళులు అధికం, తెలుగువారు కూడా ఉండేవారు. ఏ దేశ విముక్తికై తుపాకి పట్టారో ఆ దేశాన్ని ఆ పడుచులలో చాలమంది కంటితో చూచి ఎరుగరు! దళనాయకురాలికి తరువాత కర్నలు హోదా లభించినా, ప్రజల నోట కెప్టెన్ అన్న పిలుపే నిలిచిపోయింది.

బర్మా రంగంలో ఆ దళానికి ముందువరుసలో పోరాడే అవకాశం దక్కలేదు. క్షతగాత్రుల పరిచర్యే వారి ప్రధాన కర్తవ్యమయింది. 1945 మే నెలలో బ్రిటిషువారు లక్ష్మిని నిర్బంధించి, 1946 మార్చిలో భారతదేశానికి పంపారు. 1947 మార్చిలో ఆమె లాహోరులో ప్రేమ్ కుమార్ సెహగల్‌ను వివాహమాడారు. ఎర్రకోట విచారణలో షా నవాజ్ ఖాన్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లతోపాటు ముద్దాయిగా నిలిచిన యోధుడాయన. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గాని, ఆజాద్ హింద్ ఫౌజు సైనికులను స్వతంత్ర భారత సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. ఊరేగింపులలో జయజయధ్వానాలు అందుకొన్నవారు బ్రతుకుతెరువు వెతుక్కోవలసి వచ్చింది. ఈ అన్యాయాన్ని గూర్చి మనవారు మాట్లాడవలసినంత మాట్లాడలేదనే నా అభిప్రాయం. సెహగల్ కాన్పూరులో ఒక బట్టల మిల్లులో ఉద్యోగం చూచుకొన్నారు. లక్ష్మి మళ్ళీ స్టెతస్కోపు అందుకొన్నారు.

దేశ విభజన నాటికి ఆ నగరానికి కాందిశీకులు వెల్లువలా వచ్చిపడ్డారు. ఆమె తొలి రోగులు వారే. హిందువులు, ముస్లిములు ఉభయులూ ఆమెను నమ్మారు. అటుపైన ఏళ్ళ తరబడి మిల్లు కార్మికుల భార్యలు, పేదరాండ్రు పురిటికి ఆమె వద్దకే వచ్చేవారు. ఇచ్చుకోగలిగినవారు ఇచ్చేవారు, లేనివారు ఊరక వెళ్ళేవారు. 1971లో తూర్పు బెంగాలు నుండి శరణార్థులు తరలివచ్చినప్పుడు, మందులు, బట్టలు మూటగట్టుకొని సరిహద్దు శిబిరాలకు వెళ్ళి కొన్ని వారాలు వైద్యం చేశారు.

1984 అక్టోబరు 24న ఆమెకు డెబ్బది ఏళ్ళు నిండాయి. సరిగా వారం గడిచేసరికి ఇందిరాగాంధీ హత్య జరిగింది. కాన్పూరులో సిక్కుల ఇళ్ళు, అంగళ్ళు తగలబడుతున్న ఆ దినాలలో ఆమె వీధిలోకి వచ్చి, మూకలకు ఎదురు నిలిచారు. ఆమె వైద్యశాల పరిసరాలలో సిక్కులపై చేయి పడలేదు. ఆ కోపోద్రిక్తులలో కొందరు ఆమె చేతులలో భూమిపై పడినవారే అయి ఉంటారని ఊహించడం అతిశయోక్తి కాదేమో! నెల తిరిగేసరికి భోపాలులో విషవాయువు వేలాది ప్రాణాలను బలిగొంది. డెబ్బది ఏళ్ళ డాక్టరమ్మ వైద్య బృందానికి నాయకత్వం వహించి అక్కడికి వెళ్ళారు. గర్భవతులపై ఆ వాయువు చూపిన దీర్ఘకాల ప్రభావాలను గూర్చి తరువాత నివేదిక కూడా సమర్పించారు.

ఆమె 1971లో మార్క్సిస్టు పార్టీలో చేరారు; 1981లో అఖిల భారత ప్రజాస్వామిక మహిళా సంఘ స్థాపకులలో ఒకరయ్యారు. ఆ రాజకీయాలతో ఏకీభవించని పాఠకులు ఉండవచ్చు. అది వేరే చర్చ. పురిటి నొప్పులకు పార్టీలు లేవు గదా! 1998లో ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్‌తో గౌరవించింది. 2002లో, 87 ఏళ్ళ వయసులో, వామపక్షాల అభ్యర్థిగా అబ్దుల్ కలాంపై రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. ఫలితం ముందే తెలిసిన పోటీ అది. ఆ ఎన్నిక ముగిసిన పిమ్మట మళ్ళీ రోగుల వద్దకే వెళ్ళారు.

2006 నాటికి ఆమెకు 92వ ఏడు వచ్చింది. అప్పటికీ వైద్యశాలకు వచ్చి రోగులను చూస్తూనే ఉన్నారు. 2012 జూలై 19న గుండెపోటు వచ్చింది. 23న కాన్పూరులోనే కన్నుమూశారు. ఆమె కోరిక ననుసరించి దేహాన్ని ఆ నగరంలోని గణేశ్ శంకర్ విద్యార్థి స్మారక వైద్య కళాశాలకు, విద్యార్థుల అధ్యయనార్థం అప్పగించారు.