సోఫా ఎటు తిరగాలి?

కారమడై చుట్టుపక్కల కొత్త ఇళ్లలో తిన్నెలు తగ్గిపోయాయి. వచ్చినవాళ్లు కూర్చునేది హాల్లోనే. అందుకని ముక్కలుగా విడదీసి కావలసినట్టు కలుపుకునే మాడ్యులర్ సోఫాలు కొంటున్నారు. మంచిదే. కానీ కోయంబత్తూరు షాపులో చూపించిన 'ఎల్' ఆకారాన్నే తెచ్చి టీవీకి ఎదురుగా పెట్టేస్తే ఇంక మాటలేముంటాయి? అందరి ముఖాలూ టీవీ వైపే.

మన పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు లేదు. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక ఆ దారి మరీ ఇరుకైంది. తమిళం వద్దని కాదు, అది బతికే ఊరి భాష. తెలుగు మాత్రం అవ్వ నోటినుంచే రావాలి. మనవడు ఆమెకు ఎదురుగా కూర్చోకపోతే ఎలా వస్తుంది?

కొనేముందు సుద్దముక్కతో నేలమీద గీసి చూడండి. ఒక్కో ముక్క సుమారు 3 అడుగుల చదరం. హాలు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉంటే పొడుగు గోడకు 3 ముక్కలు, ఎదుటి గోడకు 2 వేయొచ్చు. నడుమ 4 అడుగులు మిగులుతుంది, చిన్న టీపాయ్ చాలు. చివర మిగిలిన 3 అడుగులు నడిచే దారి. టీవీని పక్క గోడకు పోనీండి.

సీటు ఎత్తు 18 అంగుళాలకు తగ్గనీయొద్దు. అందంగా ఉందని పల్లపు సోఫా తెస్తే మోకాళ్ల నొప్పులున్న అవ్వ అందులోంచి లేవలేదు. రెండుసార్లు అవస్థపడి, మూడోసారి వంటింటి గుమ్మం దగ్గర చాపకే పోతుంది.

మాసి నెలలో రంగనాథస్వామి తేరుకు చుట్టాలు దిగితే కొక్కేలు విప్పి ముక్కల్ని ఓ మూలకు నెట్టేయొచ్చు. చాపలు పరవడానికి చోటు దొరుకుతుంది.