అంతర్బలం మహిమ కాదు, ప్రయత్నశైథిల్యం

చైనాదేశపు యుద్ధవిద్యలలో ‘అంతర్బలం’ అనే మాట ఒకటి ఉన్నది. ఆ మాట చుట్టూ మన ఆధ్యాత్మిక లోకంలో రెండు భ్రమలు అల్లుకొన్నాయి. ఆ బలం కండరాలకు, అస్థులకు అతీతమైన ప్రాణశక్తి అనీ, అది సిద్ధించిన గురువు ఎదుటివానిని తాకకుండానే పడగొట్టగలడనీ మొదటి భ్రమ. ఆ విద్య మూలంలో మనదేననీ, బోధిధర్ముడు కాంచీపురం నుండి కొనిపోయి షావోలిన్ ఆశ్రమంలో నాటాడనీ, కనుక మనం అన్యుల నుండి గ్రహించవలసినది ఏదీ లేదనీ రెండవ భ్రమ. మొదటిది సాధనను మహిమగా మారుస్తుంది. రెండవది సాధనను వంశగర్వంగా మారుస్తుంది. రెండింటి ఫలం ఒక్కటే: సాధన జరగదు.

ఇది దూరదేశపు చర్చ అని సాధకులు తోసివేయరాదు. నిజామాబాద్ జిల్లా ముప్కాల్ వంటి గ్రామాన్నే తీసుకొనండి. శ్రీరాంసాగర్ జలాశయానికి చేరువలో, జాతీయ రహదారి వెంట ఉన్న ఈ సీమలో జీవనమంతా దేహశ్రమ మీదనే నిలిచి ఉన్నది. పసుపు త్రవ్వే చేతులు, బస్తాలు మోసే భుజాలు, గల్ఫ్ దేశాలలో ఏళ్ల తరబడి శ్రమించి తిరిగివచ్చిన నడుములు ఇక్కడ ఇంటింటా కనిపిస్తాయి. ఇటువంటి దేహాలకు ‘కీళ్లను సడలించు, లోపలి బలాన్ని మేలుకొలుపు’ అనే ఉపదేశం ఔషధమూ కాగలదు, విషమూ కాగలదు. ఏది అవుతుందన్నది ఆ మాటకు మనం చెప్పుకొనే అర్థం మీద ఆధారపడి ఉన్నది. కనుక ముందు అర్థనిర్ణయం చేద్దాం.

సడలవలసినది కీలా? ప్రయత్నమా?

చీనీయులు ‘సొంగ్’ అనే పదాన్ని వాడతారు. దానిని మనవారు ‘కీళ్ల సడలింపు’ అని అనువదించి అక్కడితో ఆగిపోతున్నారు. దోషం ఇక్కడే ప్రారంభమైనది. మన ఆయుర్వేదంలో కీళ్లు సడలిపోవడం గుణం కాదు, రోగలక్షణం. వాగ్భటుని అష్టాంగహృదయం దానిని కఫక్షయ లక్షణాలలో చేర్చినది. బంధనం వదులైన కీలు బరువును మోయలేదు, బలాన్ని ప్రసరింపజేయలేదు. తైజీ గురువులు కోరేది ఇది కానే కాదు. 1883 నుండి 1936 వరకు జీవించిన యాంగ్ చెంగ్‌ఫు తన శిష్యులకు నడుమును సడలించుమని, భుజాలను, మోచేతులను క్రిందికి జారవిడువుమని బోధించాడు. అదే సమయంలో శిరస్సు నిటారుగా పైకి నిలిచి ఉండవలెనని కూడా నియమించాడు. వంగిన మోకాలు పాదపు వ్రేళ్ల దిశనే చూడాలి. కూలబడడానికి ఇందులో తావు లేదు. అస్థిపంజరం తన స్థానంలో స్థిరంగా నిలిచి ఉండగా, దానిని నిలపడానికి అవసరం లేని బిగువు మాత్రమే తొలగాలి.

ఈ అర్థాన్ని చెప్పడానికి మనకు పరభాషా పదంతో పని లేదు. పతంజలి యోగసూత్రాల సాధనపాదం ఆసనానికి స్థిరత్వం, సుఖం అనే రెండు లక్షణాలను చెప్పి, ఆ వెంటనే ఆసనసిద్ధికి ఉపాయంగా ప్రయత్నం సడలడాన్ని పేర్కొన్నది. గమనించండి: మహర్షి సడలుమన్నది సంధిని కాదు, ప్రయత్నాన్ని. సంధి శిథిలమైతే వ్యాధి. ప్రయత్నం శిథిలమైతే సిద్ధి. ఈ ఒక్క భేదాన్ని విస్మరించినందువల్లనే ఒకరు సోమరితనాన్ని సడలింపు అనుకొంటున్నారు, మరొకరు సడలింపును మంత్రశక్తి అనుకొంటున్నారు.

బలం ఎలా ప్రసరిస్తుంది

దేహంలో కండరాలు జంటలుగా పనిచేస్తాయి. మోచేతిని వంచే కండరం ఒకటి, చాచే కండరం మరొకటి. రెండూ ఒకేసారి బిగిస్తే చేయి కదలదు. కదిలినా, ఒకదాని బలాన్ని మరొకటి హరిస్తుంది. అభ్యాసం లేనివాడు గుద్దబోయే ముందు భుజాన్ని, మెడను, చివరకు దవడను కూడా బిగిస్తాడు. ఆ బిగువును వాడు బలమని భావిస్తాడు. నిజానికి వాని బలంలో చాలా భాగం వానితోనే యుద్ధం చేస్తూ ఉంటుంది.

ఇక రెండవ విషయం. పాదం నేలను నొక్కితే నేల పాదాన్ని తిరిగి నొక్కుతుంది. ఆ ప్రతిబలం చీలమండ, మోకాలు, తుంటి, వెన్ను, భుజం, మోచేయి, మణికట్టు అనే క్రమంలో సాగి వ్రేళ్లను చేరాలి. ఈ వరుసలో ఏ ఒక్క సంధి బిగిసినా ప్రసారం అక్కడే తెగుతుంది. శ్రీరాంసాగర్ ఆయకట్టు రైతుకు దీనిని వివరించనక్కరలేదు. జలాశయం నిండుకుండ వలె ఉన్నా, లక్ష్మీ కాలువకు నీరు వదిలినా, నడుమ ఒక తూము పూడిపోతే చివరి మడికి చుక్క అందదు. అప్పుడు జలాశయంలో నీరు లేదని ఎవరూ అనరు, దారి మూసుకొన్నదంటారు. చీనీయులు ముడిబలాన్ని ‘లి’ అని, ఇలా దేహమంతా ఒక్కటై ప్రసరించే శిక్షిత బలాన్ని ‘జిన్’ అని వేరుచేసి పిలుస్తారు. అంతర్బలం అంటే ఈ రెండవదే. అది కండరానికి అతీతం కాదు. కండరాలు పరస్పరం అడ్డుపడకపోవడమే అది.

బోధన్ చెరకు సీమలో ఈ విద్యకు ఏ పేరూ లేదు, కానీ అభ్యాసం ఉన్నది. అనుభవజ్ఞుడైన కూలీ కత్తిని పిడికిట బిగించి పట్టడు. మణికట్టు వదులుగా ఉండి, వేటు చెరకు మొదలును తాకే క్షణంలో మాత్రమే పట్టు బిగుస్తుంది. క్రొత్తవాడు ఉదయం నుండీ బిగించే ఉంచుతాడు. మధ్యాహ్నానికి వాని అరచేయి బొబ్బలెక్కుతుంది, నరికిన చెరకు మాత్రం తక్కువ. అవసరమైన క్షణం వరకు సడలి ఉండడం, ఆ క్షణంలో సంపూర్ణంగా నిలవడం, మరుక్షణం తిరిగి సడలడం: అంతర్బల శిక్షణ సారమంతా ఇదే. దీనికి ఏళ్లు పడుతుంది. మహిమలు అమ్మేవారికి నచ్చనిది ఈ ఏళ్ల లెక్కయే.

పూర్వపక్షం: ‘చీ’ అంటే ప్రాణమే కదా?

కొందరు ఇలా వాదిస్తారు: “చీనీయుల ‘చీ’ మన ప్రాణమే. ప్రాణమయకోశం అన్నమయకోశం కంటే సూక్ష్మమని ఉపనిషత్తు చెప్పినది. కనుక ప్రాణాన్ని వశపరచుకొన్నవానికి స్థూలదేహ నియమాలు వర్తించవు.”

సమాధానం. సూక్ష్మమైనది స్థూలనియమాన్ని రద్దు చేస్తుందని తైత్తిరీయోపనిషత్తు ఎక్కడా చెప్పలేదు. అది కోశాలను వివరించినది ఆత్మవిచారానికి, మల్లయుద్ధానికి కాదు. మన తెలుగునేలపైనే ప్రాణాయామబలానికి ప్రత్యక్ష నిదర్శనంగా నిలిచినవారు కోడి రామమూర్తినాయుడుగారు. వీరఘట్టంలో జన్మించి ‘కలియుగ భీముడు’గా ప్రసిద్ధులైన ఆయన, శ్వాసను పూరించి ఛాతీపై బిగించిన ఇనుప గొలుసును తెంచేవారు, ఛాతీపై ఏనుగును నిలుపుకొనేవారు. ఆయన చేసినది బహిరంగంగా, వేలాది ప్రేక్షకుల ఎదుట. ఏనుగు నిజమైన ఏనుగు, గొలుసు నిజమైన గొలుసు. బాల్యం నుండి చేసిన వ్యాయామం ఆ శ్వాసకు ఆధారం. ‘నన్ను నమ్మినవానిపై మాత్రమే నా శక్తి పనిచేస్తుంది’ అనే షరతును ఆ ఏనుగు అంగీకరించదు. తాకకుండా పడగొట్టే గురువుల ప్రదర్శనలలో పడిపోయేవారు ఎవరో గమనించండి: సర్వదా వారి శిష్యులే.

చైనాలోనే దీనికి పరీక్ష జరిగినది. 2017 ఏప్రిల్‌లో వే లే అనే తైజీ గురువు, షు షియావోడాంగ్ అనే మిశ్రమ యుద్ధక్రీడాకారునితో తలపడ్డాడు. వే లే అంతకు ముందు ప్రభుత్వ దూరదర్శన్ కార్యక్రమంలో అసాధారణ అంతర్బలం గలవానిగా చూపబడినవాడు. పోరు అర నిమిషమైనా గడవకముందే అతడు నేలకూలి దెబ్బలు తిన్నాడు. దీనివల్ల తైజీ మిథ్య అని నిరూపితం కాలేదు. 2020లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేరిన ఆ విద్యకు ఒక మనిషి ఓటమి వల్ల హాని లేదు. నిరూపితమైనది ఇంతే: ఎదిరించే ప్రత్యర్థితో ఎన్నడూ అభ్యసించనివానికి సంకట సమయంలో మహిమ తోడురాదు.

పూర్వపక్షం: గురువాక్యాన్ని పరీక్షించడం అశ్రద్ధ కదా?

కాదు. శబ్దప్రమాణానికి దాని విషయం ఉన్నది, ప్రత్యక్షానికి దాని విషయం ఉన్నది. ఇంద్రియాలకు గోచరించని ధర్మబ్రహ్మాల విషయంలో శ్రుతి ప్రమాణం. ప్రత్యక్షానికి విరుద్ధమైన చోట శ్రుతికి సైతం ప్రామాణ్యం లేదని శంకర భగవత్పాదులు గీతాభాష్యంలో నిర్ణయించారు. వేదానికే లేని మినహాయింపును ఒక వ్యాయామగురువుకు మనం ఎలా ఇస్తాం? ఒక మనిషి మరొక మనిషిని తోయగలడా లేదా అన్నది ప్రత్యక్ష విషయం. దానిని తోసి చూడవలసినదే.

పైగా మనది బలాన్ని బహిరంగంగా పరీక్షించే సీమ. జాతరలలో కుస్తీపోటీలు జరిగే నేల ఇది. హోళీనాడు బోధన్ సమీపంలోని హున్సా గ్రామస్థులు తాడుకు ఇరువైపులా నిలిచి పిడిగుద్దులాడుకొనే ఆచారం తరతరాలుగా వస్తున్నది. ఆ ఆటలోని మంచిచెడ్డలు వేరే చర్చ, కానీ అక్కడ గుద్దు గుద్దే, దానికి సాక్షి ఊరంతా. నిజామాబాద్ నుండే బయలుదేరిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ ముష్టియుద్ధ విజేతగా నిలిచినది. బరిలో తనను ఓడించడానికి వచ్చినవారి ఎదుట నిలిచి గెలిచిన గెలుపు అది. భుజాలు బిగించిన ముష్టియోధుడు వేగాన్ని కోల్పోతాడని ప్రతి శిక్షకుడూ మొదటిరోజే చెబుతాడు. సడలింపు అక్కడ రహస్యవిద్య కాదు, ఓనమాలు.

ఇంకొక మాట. ఒకవేళ అటువంటి అద్భుతశక్తులు ఉన్నాయనే అంగీకరించినా, ముముక్షువుకు వాటితో ఏమి ప్రయోజనం? విభూతిపాదంలో సిద్ధులను వర్ణించిన పతంజలియే వాటిని సమాధికి ఉపసర్గలుగా, అంటే విఘ్నాలుగా పరిగణించాడు. లేని సిద్ధి కోసం పరుగెత్తడం అవివేకం. ఉన్న సిద్ధి కోసం పరుగెత్తడం బంధం.

పూర్వపక్షం: ఈ విద్య మనదే కదా?

2011లో తమిళం నుండి తెలుగులోకి వచ్చిన ‘సెవెంత్ సెన్స్’ చిత్రం తరువాత ఈ వాదం ఇంటింటికీ చేరినది. చరిత్రను విచారిద్దాం. బోధిధర్ముని పేరు కనిపించే తొలి గ్రంథాలలో ఒకటి, సుమారు 547లో లోయాంగ్ ఆరామాలను వర్ణించినది, ఆయనను పారశీకుడని చెప్పినది. మరొక ప్రాచీన కథనం దక్షిణభారత రాజపుత్రుడని చెప్పినది. ఆయన భారతీయుడు కావచ్చు, అందుకు అభ్యంతరం లేదు. కానీ ఈ రెండింటిలోనూ యుద్ధవిద్య ప్రస్తావన లేదు. ఆయనకు ఆరోపింపబడిన ‘యిజిన్ జింగ్’ అనే వ్యాయామగ్రంథం 1624 నాటి రచన, అంటే ఆయనకు వెయ్యేళ్ల తరువాతది. అంతర, బాహ్య విద్యలనే విభాగం కూడా 1669లో హువాంగ్ జోంగ్‌షి రచించిన ఒక సమాధిలేఖనంలో తొలిసారి కనిపిస్తుంది.

సత్యం మీద నిలబడవలసిన ధర్మానికి ఈ అసత్యగౌరవం అవసరమా? ప్రయత్నశైథిల్యాన్ని సూత్రీకరించిన దర్శనం మనకు ఉన్నది. ఆ భావాన్ని నిలుచుండే భంగిమలో, తోపులాటలో, నడకలో ఏళ్ల తరబడి శోధించి పద్ధతిగా మలచినవారు చీనీయులు. వారి శ్రమను వారిదిగా గౌరవించడం అస్తేయం. అది కూడా మన యమాలలో ఒకటి.

మన ఆసనశాలల మాట

పరుల మహిమలను ఖండించి, మన దోషాన్ని దాచడం న్యాయం కాదు. నేడు ఆసనమంటే దేహాన్ని బలవంతంగా మడవడమైనది. పద్మాసనాన్ని చూడండి. పాదాన్ని తొడపైకి తెచ్చే భ్రమణం తుంటి సంధిలో జరగాలి. తుంటి తిరగనప్పుడు సాధకుడు పళ్లు బిగబట్టి కాలును లాగుతాడు. ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా వంగడానికి, చాచడానికి ఏర్పడిన కీలు, మెలిక దానికి సరిపడదు. పొలంలో అరిగిన మోకాలు ధ్యానశాలలో చిరుగుతున్నది. దీనికి ‘తపస్సు’ అని పేరు. భగవద్గీత 17వ అధ్యాయం దేహాన్ని హింసించే ఘోరతపస్సును ఆసురమని నిందించిన సంగతి మరచితిమా? కుర్చీపై వెన్ను నిటారుగా నిలిపి సుఖంగా కూర్చున్న వృద్ధుడు, నొప్పితో పద్మాసనం వేసిన యువకుని కంటే పతంజలి లక్షణానికి సన్నిహితుడు.

అనావశ్యకమైన బిగువు ఎక్కడిది? భయం నుండి, ‘నేను చేస్తున్నాను’ అనే అభిమానం నుండి పుట్టినది. తోయబడుతున్నవాడు పడిపోతానేమోనని బిగుస్తాడు. ఆ బిగువే ప్రత్యర్థికి పట్టు దొరికే పిడి అవుతుంది. అందువల్ల సడలింపు అభ్యాసం సాధకునికి ఒక అద్దం: కర్తృత్వాభిమానం దేహంలో ఎక్కడెక్కడ దాగి ఉన్నదో అది చూపుతుంది. చూపడం వరకే దాని పని. భుజం సడలినంత మాత్రాన అహంకారం సడలదు. అది విచారణ వల్ల మాత్రమే సాధ్యం. ఇంతకు మించి దేహవిద్యకు మోక్షసాధనత్వాన్ని అంటగట్టడం కూడా మరొక భ్రమయే.

కనుక సాధకులకు విన్నపం. అంతర్బలాన్ని నేర్పుతామనే వారి వద్దకు వెళ్లదలచితే వెళ్లండి. తన శిష్యుడు కాని మనిషి తోసినప్పుడు ఆ గురువు ఎలా నిలుస్తాడో చూడండి. నొప్పిని ఓర్చుకొమ్మంటాడా, నొప్పికి కారణం వెదకుమంటాడా గమనించండి. ఫలం ఎన్నాళ్లకు అని అడగండి. వారాలు అని చెబితే నమస్కరించి వెనుదిరగండి. ఏళ్లు అని చెబితే, మీ మోకాలు అనుమతించినంత మేరకు, నిలుచుండడం నుండి ప్రారంభించండి.

స్వస్తి.