గీత గీశాక అడగడమేమిటి?

జి. కొండూరు సెంటర్లో పొద్దున్నే బస్సు కోసం నిలబడ్డ మనిషికి విజయవాడ ఎన్ని కిలోమీటర్లో చెబితే లాభం లేదు. ఇబ్రహీంపట్నం రింగు దాటడానికి ఎంతసేపు, గొల్లపూడి, భవానీపురం మీదుగా బస్టాండుకు చేరడానికి ఎంతసేపు, అక్కడ దిగి పటమటకో బెంజి సర్కిలుకో మళ్లీ సిటీ బస్సు దొరకడానికి ఎంతసేపు? అతని లెక్క అదీ. నగరానికి రవాణా ప్రణాళికలు గీసే పెద్దల లెక్కలో ఈ మనిషి ఎక్కడున్నాడని మేము అడుగుతున్నాం.

2005 డిసెంబరులో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకం తెచ్చింది. ఆ పద్దు కింద విజయవాడకు సుమారు 15 కిలోమీటర్ల బీఆర్‌టీఎస్ మంజూరైంది. ఖర్చు సుమారు 150 కోట్లు. రోడ్డు నడుమ బస్సులకే ప్రత్యేక వరుసలు, కార్లూ ఆటోలూ పక్క నుంచి పోవాలి. ఆలోచన మంచిదే, మేము కాదనం. సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసిన జాగాలో విశాలమైన రోడ్డు వేశారు. చివరికి మిగిలిందేమిటి? పేరు! అందరూ బీఆర్‌టీఎస్ రోడ్డనే అంటారు. నడిమి వరుసల్లో అనుకున్నట్టు బస్సులు మాత్రం తిరగలేదు. జాగా ఎక్కడ ఖాళీగా ఉందో చూసి గీసిన గీతకూ, జనం ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో అడిగి గీసిన గీతకూ తేడా ఇదే.

విచిత్రమేమంటే, అదే పథకం షరతుల్లో ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయాలనీ ఉంది. అంతకుముందే 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలుండాలని చెప్పింది. సరే, అవన్నీ సక్రమంగా నడిచాయనే అనుకుందాం. జి. కొండూరు రైతుకూ, మైలవరం కాలేజీకి ఎదురు పోయే విద్యార్థికీ, విజయవాడ ఆఫీసులో పనిచేసే గుమాస్తాకూ ఆ కమిటీలో కుర్చీ ఉందా? వాళ్లకు కార్పొరేషన్‌లో ఓటు లేదు. రోజూ నగరంలోకి వచ్చేదీ వాళ్లే, ఆ నగరం గురించి నోరు విప్పే హక్కు లేనిదీ వాళ్లకే. మా గురించి మమ్మల్ని అడగకుండా నిర్ణయించకండన్నది రాష్ట్రాల కోసం జరిగిన ఉద్యమాలన్నిటి మొదటి మాట. అది రాజధానుల దగ్గర ఆగిపోతే ఎలా? బస్టాపు దాకా రావద్దా?

అడగకపోతే గట్టిగా అరిచేవాడి మాటే చెల్లుతుంది. ఢిల్లీలో 2008లో అంబేద్కర్‌నగర్ నుంచి మూల్‌చంద్ దాకా బస్సు వరుస వేశారు. కార్ల వాళ్ల గోల పత్రికలకెక్కింది, బస్సుల్లో నిలబడి పోయేవాళ్ల మాట ఎక్కలేదు. 2016లో దాన్ని తీసేశారు. అహ్మదాబాదులో 2009లో మొదలైన జన్‌మార్గ్‌ను ముందు కొన్నాళ్లు ఉచితంగా తిప్పి చూపించారు. జనం ఎక్కి చూశారు, తర్వాతే టిక్కెట్టు పెట్టారు. అక్కడా లోపాలున్నాయి, కానీ బస్సు నడుస్తోంది.

ఇప్పుడీ పాత కథ ఎందుకంటే, కొత్త గీతలు వచ్చాయి. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం విజయవాడ మెట్రో తొలి దశకు ఆమోదం తెలిపింది. 38 కిలోమీటర్లు, 11 వేల కోట్లు. ఒక దారి బస్టాండు నుంచి గన్నవరానికి, ఇంకొకటి పెనమలూరుకు. రెండూ తూర్పుకే! పడమటి పల్లెలకు మెట్రో బస్టాండులోనే మొదలవుతుంది. జి. కొండూరుకు మెట్రో వేయమని మేము అడగడం లేదు, అంత అమాయకులం కాము. మైలవరం, తిరువూరు బస్సులు దిగిన చోటికీ మెట్రో మెట్లకూ ఎంత నడక? నెత్తిన మామిడి బుట్టతో ఆ మెట్లెక్కగలరా? గొల్లపూడి వైపు బస్సులకు ఉదయం పూటైనా ఒక వరుస వదలగలరా? ఇవీ ప్రశ్నలు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. ఏ ఊళ్లో ఎక్కి ఎక్కడ దిగారో టిక్కెట్టు చెబుతుంది. ఎందుకు ఎక్కలేకపోయారో చెప్పదు. అది మనిషిని అడగాల్సిందే.

పల్లెకూ నగరానికీ మధ్య గీత లేదని 2024 సెప్టెంబరులో బుడమేరు చెప్పనే చెప్పింది. కవులూరు దగ్గర గండ్లు పడితే సింగ్‌నగర్ మునిగింది. నీళ్లకున్న ఆ తెలివి ఫైళ్లకు ఎప్పుడొస్తుందో!

కాబట్టి మా డిమాండు ఇది. గీత ఖరారు కాకముందే ఆ నక్షా తెలుగులో జి. కొండూరు మండలాఫీసు గోడకు అంటించాలి. సభ నగరంలో హోటలు హాల్లో కాదు, సాయంత్రం బస్సులు దిగే వేళ ఊరి సెంటర్లో పెట్టాలి. ఎవరేం చెప్పారో రాసుకోవాలి, ఒప్పుకోనిదానికి ఎందుకు ఒప్పుకోలేదో రాతపూర్వకంగా జవాబివ్వాలి. సభ మే నెలలో మాత్రం పెట్టొద్దు. అప్పుడు జనమంతా తోటల్లోనూ నున్న మార్కెట్లోనూ ఉంటారు, ఎవరూ రాలేదని రాసుకుపోతారు.