పంపు కొనే ముందు గేజ్ పెట్టండి

‘అన్నా, పాత డీజిల్ బండికి ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు పెడితే పికప్ పెరుగుతుందా?’

నెలకోసారైనా ఎవరో ఒక బీటెక్ తమ్ముడు ఈ ప్రశ్న అడుగుతాడు. అమెరికా వాళ్లు పాత ఫోర్డ్, డాడ్జ్ ట్రక్కులకు కిట్లు బిగించే వీడియోలు చూసి ఉంటాడు. ఇరవై నిమిషాల వీడియోలో పాత పంపు పోయి కొత్తది వస్తుంది, ఇంజిన్ గర్జిస్తుంది, అయిపోయింది. పెరగదు తమ్ముడూ అంటే నమ్మడు. పెరుగుతుంది అంటే అబద్ధమవుతుంది. అసలు ప్రశ్నే తప్పు అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే నేను పాడుచేసుకున్న రెండు వారాంతాల గురించి చెప్పాలి.

టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు మా ఇంటి ఓనరు దగ్గర 1996 మోడల్ ఫోర్డ్ ఎఫ్-250 ఉండేది. 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్. పేరు ఫోర్డ్‌దే అయినా ఇంజిన్ తయారుచేసింది నావిస్టార్. అరవై దాటిన మనిషి, ఆ బండికి ట్రైలర్ తగిలించి ఎండుగడ్డి కట్టలు తోలడమే ఆయన బతుకుదెరువు. కొత్త డీజిల్ ట్రక్కు కొనే స్తోమత లేదు. బండికి మూడు జబ్బులు. పొద్దున స్టార్ట్ అవడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఊపిరి ఆగినట్టు నీరసపడుతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద చుక్కలు పడుతుంటాయి. ఒక గ్యారేజీ వాళ్లు ఆ చుక్కలు చూసి ‘క్రాంక్ వెనక ఆయిల్ సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలి’ అని పెద్ద అంచనా రాసిచ్చారు. ఆ కాగితం నా చేతిలో పెట్టి, ‘మెకానికల్ ఇంజినీర్‌నన్నావుగా, నువ్వు చూడు’ అన్నాడాయన.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను స్పానర్ సరిగ్గా పట్టింది లేదు. విజయవాడ ఆటోనగర్‌కు కూతవేటు దూరంలో పెరిగాను. మా పెదనాన్న లారీకి ‘ఎయిర్ పట్టింది’ అంటే ఫీడ్ పంపు మీది చేతి ప్రైమర్‌ను టకటకా నొక్కి గాలి తీయడం చూశాను. చూశాను, అంతే. వర్క్‌షాప్ ల్యాబ్‌లో రికార్డు రాయడం వచ్చు, పని రాదు.

చుక్కల కింద ఒక తెల్ల కాగితం పరిచాను. అది ఇంజిన్ ఆయిల్ కాదు, డీజిల్! వాసన చూస్తే తెలిసిపోతుంది. ఈ ఇంజిన్‌లో ఫ్యూయల్ పంపు రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో, టర్బో కింద దాక్కుని ఉంటుంది. కామ్‌షాఫ్ట్ తోస్తే నడిచే మెకానికల్ పంపు. అది గానీ, దాని పైపులు గానీ, పైనున్న ఫిల్టర్ గిన్నె గానీ కారితే డీజిల్ ఆ లోయలో చేరి, వెనక దారిన కిందికి దిగి, సరిగ్గా గేర్‌బాక్స్ దగ్గర చుక్కలవుతుంది. ఆ కాగితం ముక్కతో గేర్‌బాక్స్ దించే ఖర్చు తప్పింది. నా దృష్టిలో ఈ కథలో అసలైన ఇంజినీరింగ్ అదే. తర్వాత జరిగిందంతా బోల్టులు తిప్పడమే.

రెండో పని, ఫిల్టర్ గిన్నె దగ్గర ప్రెషర్ గేజ్ తగిలించి, కనబడేలా పైకి తెచ్చి, ట్రైలర్‌తో ఎత్తు ఎక్కించడం. ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు 45 పీఎస్ఐ చూపిన ముల్లు లోడు పడగానే 30 కిందికి జారింది.

ఇక్కడ ఈ ఇంజిన్ గురించి కాస్త తెలియాలి. దీని ఇంజెక్టర్లను నొక్కేది డీజిల్ ప్రెషర్ కాదు, ఇంజిన్ ఆయిలే. వేరే పంపు ఆయిల్‌ను సుమారు 3,000 పీఎస్ఐ దాకా తీసుకెళ్తుంది. ఇంజెక్టర్ లోపల పెద్ద పిస్టన్ చిన్న ప్లంజర్‌ను తోస్తుంది, రెండింటి వైశాల్యాల నిష్పత్తి 7:1. అంటే డీజిల్ 21,000 పీఎస్ఐ దాకా చేరి సిలిండర్‌లోకి దూసుకెళ్తుంది. హైడ్రాలిక్ ప్రెస్ లెక్కే, ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రమే. మరి మన ఫ్యూయల్ పంపు పనేంటి? ప్రతి స్ట్రోకుకూ ఇంజెక్టర్ పొట్టను బుడగల్లేని డీజిల్‌తో నింపడం. అంతవరకే. నిండకపోతే బలం తగ్గుతుంది. నిండాక ఎంత పెద్ద పంపు పెట్టినా చుక్క కూడా ఎక్కువ పోదు. పికప్ ప్రశ్నకు నా జవాబు ఇదే: పోయిన బలం తిరిగొస్తుంది, లేని బలం రాదు.

అలాంటప్పుడు కొత్త మెకానికల్ పంపే కొని పెట్టొచ్చుగా? పెట్టొచ్చు, ధర కూడా తక్కువ. కానీ ఏది పెట్టినా పాతదాన్ని తీయడానికి టర్బో దించాల్సిందే. అంత శ్రమ పడ్డాక మళ్లీ అదే లోయలో, అదే వేడిలో ఇంకో పంపు పాతిపెట్టడం ఎందుకనిపించింది. ఎలక్ట్రిక్ పంపు ఛాసిస్ పట్టీ మీద, ట్యాంకుకు దగ్గరగా కూర్చుంటుంది. రేపు అది పోయినా బండి కింద పడుకుని మార్చేయొచ్చు. 1999 మోడల్ సూపర్ డ్యూటీకి ఇదే 7.3 ఇంజిన్ పెడుతూ ఫోర్డ్ వాళ్లే ఎలక్ట్రిక్ పంపును ఛాసిస్ మీదికి మార్చారు. అంటే కంపెనీ తర్వాత చేసిన మార్పునే పాత బండికి తెస్తున్నాం.

అలాగని ‘ఎలక్ట్రిక్ అయితే మంచిది’ అనుకోకండి. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ డాడ్జ్ రామ్. 12 వాల్వుల పాత కమిన్స్ ఇంజిన్‌లో కామ్‌షాఫ్ట్‌తో నడిచే ఫీడ్ పంపు ఉండేది, మొండి ఘటం. 1998 మధ్యలో 24 వాల్వుల ఇంజిన్ వచ్చినప్పుడు కంపెనీ దాని స్థానంలో ఎలక్ట్రిక్ పంపు పెట్టింది, కానీ ఇంజిన్ బ్లాకుకే బిగించింది. ట్యాంకుకు దూరం, ఇంజిన్‌కు దగ్గర. అది చడీచప్పుడు లేకుండా నీరసపడితే, డీజిల్‌తోనే చల్లబడుతూ డీజిల్‌నే లూబ్రికేషన్‌గా వాడుకునే ఖరీదైన వీపీ-44 ఇంజెక్షన్ పంపు ఎండి చచ్చిపోయేది. ఎలక్ట్రిక్కా మెకానికలా అన్నది కాదు, ఎక్కడ పెట్టారన్నదే తేడా. పంపు ఎంత గొప్పదైనా పీల్చే వైపు దానికి తోడుండేది గాలి పీడనమే, 14.7 పీఎస్ఐ మించదు. దూరం నుంచి పీల్చాల్సి వస్తే బుడగలు మొదలవుతాయి. తోసే వైపు ఆ హద్దు లేదు. ఎన్‌పీఎస్‌హెచ్ మీద పదహారు మార్కుల ప్రశ్నకు పేజీలకు పేజీలు రాసినవాడిని నేను. దాని అర్థం నాకు ట్రక్కు కింద పడుకున్నాకే తెలిసింది.

బిగింపు సంగతి క్లుప్తంగా చెబుతా. పాత పంపు తీసిన చోట రంధ్రం నేరుగా ఇంజిన్ లోపలికి ఉంటుంది. ముందు అందులో శుభ్రమైన గుడ్డ కుక్కాలి, ఒక్క వాషర్ జారిపడినా అంతే సంగతులు. పని అయ్యాక గుడ్డ తీసి, ప్లేటుతో మూసేయాలి. ట్యాంకు నుంచి పంపుకు మధ్య నీళ్లు వేరుచేసే ఫిల్టర్, పంపు తర్వాత సన్నటి ఫిల్టర్, చివర్లో ప్రెషర్ రెగ్యులేటర్, అక్కడి నుంచి ట్యాంకుకు రిటర్న్. ఈ బండికి రెండు ట్యాంకులు. ఏ ట్యాంకు నుంచి తీసుకుంటే ఆ ట్యాంకుకే రిటర్న్ పోవాలి. వెనక దాంట్లోంచి తీసి ముందు దాంట్లో పోస్తే కాసేపటికి రోడ్డు మీద డీజిల్ కాలవ కడుతుంది.

వైరింగ్ దగ్గర మాత్రం ఆగుదాం. మెకానికల్ పంపు ఇంజిన్ ఆగితే ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ పంపుకు ఎవరో ఒకరు ఆగమని చెప్పాలి. యాక్సిడెంట్ అయ్యి పైపు తెగి, తాళం ఆన్‌లోనే ఉండిపోతే అది 60 పీఎస్ఐతో డీజిల్ చిమ్ముతూనే ఉంటుంది. అందుకే గుద్దుకున్నప్పుడు కరెంటు కట్ చేసే ఇనర్షియా స్విచ్ ఉండాలి. నాకొచ్చిన కిట్‌లో అది లేదు! విడిగా కొన్నాను. వీడియోల్లోనూ ఆ ముక్క పెద్దగా కనబడదు, ఎందుకంటే దానివల్ల ఇంజిన్ గర్జించదు. రిలే, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ఇనర్షియా స్విచ్... ఈ మూడూ లేకుండా ఎవరైనా బిగిస్తానంటే ఆ బండి మీ ఇంటి ముందు ఆపనివ్వకండి.

ఇంత తెలిసినవాడినే నేనూ తప్పు చేశా. రెగ్యులేటర్ 62 దగ్గర పెట్టాం, వారం రోజులు బండి పరుగులు తీసింది. ఎనిమిదో రోజు మండుటెండలో, నిండు లోడుతో హైవే మీద ముల్లు నలభైల్లోకి జారింది. ఓనరు బండి పక్కకి ఆపి నాకు ఫోన్ చేశాడు. కోప్పడలేదు. ‘గడ్డి సాయంత్రానికి చేరకపోతే నాకు డబ్బు రాదు’ అని మాత్రం అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

పంపే పోయిందనుకున్నా. కిట్ వాళ్లను తిట్టుకుంటూ వెళ్లా. మీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు దగ్గర 11. మధ్యలో 2.8 ఎక్కడ పోయాయి? పంపు నెగటివ్ వైరును నేను ఛాసిస్‌కు బిగించాను, పెయింట్ గీకకుండా! బిగించిన రోజు రెసిస్టెన్స్ కొలిస్తే 0.4 ఓమ్ చూపింది. మీటర్ లీడ్లదే అనుకుని వదిలేశా. పంపు తీసుకునేది 8 ఆంపియర్లు. 2.8ని 8తో భాగిస్తే 0.35 ఓమ్. అంటే ఆ ఒక్క బోల్టు దగ్గరే 22 వాట్లకు పైగా వేడి. ముట్టుకుంటే చుర్రుమంది. పెయింట్ గీకి, రింగ్ టెర్మినల్ మార్చి బిగించాక పంపు నడుస్తుండగా చూస్తే ఆ 2.8 కాస్తా 0.3కి దిగింది. గడ్డి కట్టలు చీకటి పడే వేళకు చేరాయి. పదో తరగతిలో నేర్చుకునే ఓమ్ సూత్రం తెలియక కాదు, కరెంటు పారుతున్నప్పుడే వోల్టేజ్ డ్రాప్ కొలవాలనే అలవాటు లేక ఒక మనిషి రోజుకూలి పోయేదే.

ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకంటారా? మా బ్యాచ్ మెకానికల్‌లో కోర్ ఉద్యోగంలో మిగిలినవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమి. ‘మెకానికల్‌లో ఏముంది, డీజిల్ పని అయిపోయింది’ అంటారు. నేనిప్పుడు హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ బస్సుల కూలింగ్ సిస్టమ్‌లు పరీక్షించే పనిలో ఉన్నా. అక్కడా పంపులే, పైపులే, బుడగలే, పెయింట్ గీకని గ్రౌండ్ బోల్టులే. ఆ గడ్డి బండి కథ వల్లే ఉద్యోగం వచ్చిందని చెప్పను. కానీ ఇంటర్వ్యూలో ‘నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు’ అన్నప్పుడు నాకు ఆలోచించే అవసరం రాలేదు. ప్రాజెక్టును అమీర్‌పేటలో కొని తెచ్చుకున్న నా మిత్రుడికి చెప్పడానికి తప్పు కూడా లేకపోయింది పాపం.

ఇక మన బండ్ల సంగతి. అమెరికా కిట్ తెచ్చి మన పాత బోలెరోకో, 407కో తగిలించే ఆలోచన మానుకోండి. వాటి ఇంజెక్షన్ పంపులకు లోపలికి వచ్చే డీజిల్ తక్కువ ఒత్తిడితో వస్తే చాలు. 60 పీఎస్ఐతో తోస్తే రోటరీ పంపు షాఫ్ట్ సీలు తన్నేస్తుంది, డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలిసే ప్రమాదమూ ఉంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పికప్ తగ్గిందా? ముందు ఫిల్టర్ మార్చండి, పైపుల్లో గాలి లాగుతోందేమో చూడండి, ఏ ఆటోనగర్‌లోనో పంపు మెకానిక్ పక్కన నాలుగు శనివారాలు కూర్చోండి. చాలామంది టీ తెప్పించి మరీ చెబుతారు.

మా ఓనరు పాత పంపును పారేయలేదు. గుడ్డలో చుట్టి గ్యారేజీ అటకమీద పెట్టాడు. కొత్తది పోతే మళ్లీ దాన్నే పెడతాడట. కారే పంపది, దాన్నేం పెడతావన్నా వినలేదు.