ఫోన్ రీసెట్ కొట్టే ముందు.. ఒక్కసారి సర్టిఫికెట్ చైన్ చూడండి!

పోయిన పరీక్షల సీజన్‌లో మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, కాలేజీ ఫీజు యాప్ ఓపెన్ అవ్వట్లేదు. సెక్యూర్ కనెక్షన్ కుదరట్లేదంటోంది. ల్యాప్‌టాప్ క్రోమ్‌లో సైట్ మాత్రం బాగానే వస్తోంది" అన్నాడు. ఫోన్ల గురించి రాసేవాడిని కదా! ఏమాత్రం ఆలోచించకుండా "ఫోన్‌లోనే ప్రాబ్లమ్ రా, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టెయ్" అన్నాను. కొట్టేశాడు. బ్యాకప్ లేని ఫొటోలన్నీ పోయాయి. యాప్ మాత్రం ఓపెన్ అవ్వలేదు.

ఆ రాత్రి చేసిన పని ముందే చేసి ఉంటే సరిపోయేది. టెర్మినల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తీసి, 'ఎస్_క్లయింట్' కమాండ్‌కి 'కనెక్ట్' ఆప్షన్‌తో సర్వర్ పేరు, 443 పోర్ట్ ఇచ్చి, పక్కన 'షోసర్ట్స్' పెట్టాను. సర్వర్ పంపింది ఒకే ఒక్క సర్టిఫికెట్. చివర్లో ఎర్రర్ కోడ్ 21. అంటే, మొదటి సర్టిఫికెట్‌నే వెరిఫై చేయలేకపోతున్నానని. తప్పు ఫోన్‌ది కాదు, సర్వర్‌ది!

ఎందుకంటే సైట్ సర్టిఫికెట్ మీద ఇంటర్మీడియట్ సంతకం ఉంటుంది, ఇంటర్మీడియట్ మీద రూట్ సంతకం ఉంటుంది. రూట్ మన ఫోన్‌లో ముందే ఉంటుంది. మధ్యలోని ఇంటర్మీడియట్‌ను సర్వరే పంపాలి. పంపకపోయినా ల్యాప్‌టాప్‌లో క్రోమ్ దాన్ని తనే వెతికి తెచ్చుకుంటుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు మామూలుగా అలా తెచ్చుకోవు. అందుకే అక్కడ ఓకే, ఇక్కడ ఎర్రర్.

అవుట్‌పుట్ చదవడం కష్టమేం కాదు. 'ఎస్' లైన్‌లో సర్టిఫికెట్ ఎవరిదో, 'ఐ' లైన్‌లో ఎవరిచ్చారో ఉంటుంది. పైదాని 'ఐ', కిందిదాని 'ఎస్' ఒకటే అవ్వాలి. అయితే పేర్లు కలిస్తే సంతకం కలిసినట్టు కాదు. దానికి 'వెరిఫై' కమాండ్ ఉంది. 'సీఏఫైల్'గా రూట్, 'అన్‌ట్రస్టెడ్'గా ఇంటర్మీడియట్, చివర్లో సైట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 'అన్‌ట్రస్టెడ్' అన్న పేరు చూసి కంగారు పడొద్దు. ఇంటర్మీడియట్‌ను ఊరికే నమ్మరు, రూట్ సంతకం ఉంటేనే నమ్ముతారు అని దానర్థం.

రెండు చోట్ల జాగ్రత్త. 'ఎస్_క్లయింట్' కోడ్ 0 ఇచ్చినా, ఆ సర్టిఫికెట్ మీరు అడిగిన సైట్‌దేనా అని తనంతట తాను చూడదు. 'వెరిఫై_హోస్ట్‌నేమ్' ఆప్షన్ ఇవ్వాలి. అలాగే చైన్ మొత్తం ఒకే ఫైల్‌లో పెట్టి 'వెరిఫై'కి ఇస్తే, అది మొదటి సర్టిఫికెట్‌నే చెక్ చేస్తుంది.

ఒక్కోసారి నిజంగానే ఫోన్‌దే తప్పు అవుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత వెర్షన్లలో లేదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో కోడ్ 0 వచ్చినా ఫోన్‌లో ఎర్రర్ రావొచ్చు. ఆ రూట్ ఉందో లేదో ఫోన్ సెట్టింగ్స్‌లో 'ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్' లిస్ట్‌లో చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఓఎస్ మొత్తం మార్చకుండానే రూట్ లిస్ట్‌ను అప్‌డేట్ చేసే వీలొచ్చింది. అప్పటిదాకా మాత్రం ఓఎస్ అప్‌డేట్ ఆగిపోతే ఆ లిస్టూ అక్కడే ఆగిపోయేది. అందుకే రివ్యూల్లో అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది కెమెరాతో సమానంగా చూడాలంటాను.

"మామూలు యూజర్‌కి ఇదంతా ఎందుకు బ్రో?" అంటారేమో. నిజమే, వాళ్లకి అక్కర్లేదు. కానీ వాళ్లు అడిగేది మనల్నే. ఇంట్లో అందరి ఫోన్లూ చూసేది మనమే. "రీసెట్ కొట్టు", "వార్నింగ్ వస్తే ముందుకెళ్లిపో" అని నోటికొచ్చింది చెప్పే ముందు రెండు నిమిషాలు టెర్మినల్ తెరవడం మన బాధ్యత అనే నా అభిప్రాయం. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌లో టెర్మక్స్ ఉన్నా చాలు.

ఆ అవుట్‌పుట్‌ని కాపీ చేసి కాలేజీకి మెయిల్ పెట్టించాను. కొన్ని రోజులకి వాళ్లు ఇంటర్మీడియట్ జోడించారు. ఫోన్‌లో ఏమీ మార్చకుండానే యాప్ ఓపెన్ అయింది. తమ్ముడి ఫొటోలు మాత్రం తిరిగి రాలేదు.